జర్కిన్ లోపలి గుడ్డ

పోయిన వారం వనజాక్షిని కొండెక్కే బస్సులో కూర్చోబెట్టి మనం దిగిపోయాం. ఆమె ఆ బస్సు ఎందుకెక్కిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. చిత్తూరులో బెల్లం మండీ నడిపే ఆమె అన్న సుబ్రమణ్యం పూతలపట్టు సంబంధం ఖాయం చేసేశాడు. "శుక్రవారం పెండ్లిచూపులు. నోరు మెదిపితే బడి ఉద్యోగం గూడా మాన్పించేస్తా" అని చెప్పి సోమవారం తెల్లవారుతూనే మద్రాసు వెళ్లిపోయాడు. తండ్రి లేని ఇల్లు. అన్న మాటే శాసనం. తల్లి ప్రసూనాంబ కొడుకు గీసిన గీత దాటదు. వదిన పంకజాక్షి మనసు వెన్నే గానీ, ఇన్నేళ్లయినా కడుపు పండలేదని ఆ ఇంట్లో ఆమె మాటకు చిల్లిగవ్వ విలువ లేదు. ఇక మిగిలింది తులసీరాం. నగరి నేతగాడి కొడుకు, నీటిపారుదల ఆఫీసులో టైపిస్టు. చిత్తూరు గ్రంథాలయంలో పరిచయమై, ఆ మధ్యనే తిరుపతికి బదిలీ అయ్యాడు. రేపు పూతలపట్టు వాళ్లకంటే ముందు మా ఇంటికి వచ్చి, మా అన్న ఎదుట నిలబడి నన్ను అడుగుతావా, అడగవా? ఈ ఒక్క మాట తేల్చుకోవడానికే, తోటి టీచర్లతో స్వామి దర్శనానికి పోతున్నానని ఇంట్లో అబద్ధమాడి, గురువారం పొద్దున ఆమె తిరుమల చేరింది.

మార్గశిర మాసం కావడంతో పొద్దెక్కినా కొండ మీద మంచు విడవలేదు. పాపవినాశనం దారిలో పూలతోట పక్కన ఒక రాతి బెంచీ మీద వనజాక్షి కూర్చుంది. కొండ మీద పూలన్నీ స్వామివే కనుక జడలోని కనకాంబరాలను కిందనే తీసేసి వచ్చింది. చిత్తూరు ఎండకు అలవాటు పడిన ఒళ్లు, పల్చటి నూలు చీర. పళ్లు టకటకలాడుతున్నాయి.

అప్పుడు వచ్చాడు తులసీరాం.

రోజూ లేత పసుపు చొక్కా ఇన్‌షర్టు చేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని తిరిగే మనిషి కాడు ఇవాళ. లోపల మెడ దగ్గర తెల్లటి నూలు చొక్కా అంచు తొంగి చూస్తోంది. దాని మీద నీలం గళ్ల చొక్కా, ఒక్క గుండీ కూడా పెట్టలేదు. ఆ పైన చాక్లెట్ రంగు కార్డ్‌రాయ్ జర్కిన్, జిప్పు సగానికే లాగాడు. గళ్ల చొక్కా కాలరు తీసి జర్కిన్ కాలరు మీద పరిచాడు. జర్కిన్ చేతులు కొంచెం పైకి మడిచి, కింద నీలం గళ్లు వేలెడు కనపడేట్టు వదిలాడు. బొగ్గు రంగు ప్యాంటు, పాలిష్ పెట్టిన బూట్లు. నిజం చెప్పొద్దూ, వనజాక్షి గుండె ఝల్లుమంది. ఆడపిల్ల అలంకారం గురించి కావ్యాలకు కావ్యాలు రాసుకున్నాం గానీ, తన కోసం ఒక మగవాడు అద్దం ముందు గంటసేపు తంటాలు పడ్డాడని తెలిస్తే ఏ ఆడపిల్లకైనా లోపల పొంగుతుంది.

"ఏంది ఇది? షూటింగుకు పోతా ఉండారా?" అంది నవ్వు ఆపుకుంటూ.

"బాగలేదా?" అని తులసీరాం కంగారుపడ్డాడు. "మా రూములో ఉంటాడే చెంగల్రాయుడు, మద్రాసులో ఉండి వచ్చినోడు, వాడు చెప్పినాడు. పిల్లను కలిసేదానికి ఒంటి చొక్కాతో పోతే గుమాస్తా మాదిరి ఉంటావురా, పొరలు పొరలుగా వేసుకోవల్ల అని. లోపలిది లేత రంగు, నడిమిది గళ్లు, పైది ముదురంట. గళ్ల మీద గళ్లు వేయగూడదంట. అన్ని గుండీలూ పెడితే మూట కట్టినట్టు ఉంటాదంట, అన్నీ ఇప్పేస్తే పోకిరోడి మాదిరి ఉంటాదంట. ఒకటి ఇప్పి ఒకటి సగం మూయల్లంట."

"ఇంత శాస్త్రముండాదా దీనికి!"

వనజాక్షి పకపకా నవ్వింది. ఆ రోజుకు ఆమె నవ్వింది అదే ఆఖరు.

నవ్వుతూనే చలికి వణికింది. తులసీరాం ఆ వణుకు కోసమే కాచుకుని ఉన్నట్టు జిప్పు లాగి, జర్కిన్ విప్పి, ఆమె భుజాల మీద కప్పాడు.

"ఇదీ వాడే చెప్పినాడు. పైది వేసుకునేది మన కోసరం కాదంట, తీసి ఇచ్చేదాని కోసరమంట" అన్నాడు సిగ్గుపడుతూ.

మాట ఎంత బాగుంది! వనజాక్షి రెండు అంచులూ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. అలా లాక్కుంటూ కిందికి చూసింది. జర్కిన్ లోపలి లైనింగు బూడిద రంగు. ఎడమ చంక కింది నుంచి జేబు దాకా మాత్రం వేరే గుడ్డ అతుకు వేసి ఉంది. చిలకపచ్చ మీద పసుపు మామిడిపిందెలు. చుట్టూ ఎర్రదారంతో వంకర టింకర కుట్లు.

అది ఆమె పావడ గుడ్డ. ఎనిమిదో తరగతిలో కట్టుకున్న పావడ. పోయిన ఏడు మండీలో మేకు తగిలి అన్న జర్కిన్ లైనింగు చిరిగితే, నల్లదారం అయిపోయి ఎర్రదారంతో తానే కుట్టింది. "ఇదేం కుట్టు పాపా, కోడి కెలికినట్టు" అని వదిన ఎగతాళి చేసింది కూడా.

వనజాక్షి ఒంట్లో చలి పోయింది.

"ఈ జర్కిన్ యాడిది?"

"నాదే."

"మీదేనా?"

"నాదే. మొన్ననే కొన్న్యా. గాంధీ రోడ్డులో."

"గాంధీ రోడ్డులో నా పావడ గూడా అమ్ముతా ఉండారా?"

తులసీరాంకు అర్థం కాలేదు. ఆమె జర్కిన్‌ను భుజాల మీంచి లాగి, తిరగేసి, ఆ అతుకును అతని ముఖం ముందు పెట్టింది. "సూడు! నేను కట్టి విడిచిన పావడ ఇది. నేను కుట్టిన కుట్టు ఇది. మా అన్న జర్కిన్ ఇది! నాదే అంటావా? నా ముఖం సూసి నాదే అంటావా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. తులసీరాం ముఖంలో నెత్తురు చుక్క లేదు. మూడు పొరల మగసిరి అంతా ఒక్క క్షణంలో నీరుకారిపోయింది.

"చిన్నబ్బ లాండ్రీలో తెచ్చినా" అన్నాడు నేల చూస్తూ. "బాడుగకు."

ఊళ్లో కుర్రకారుకు ఇది కొత్త కాదు. ఉతుకుకు వచ్చిన మంచి బట్టలను, సొంతదారు అడిగేలోపల ఒక పూట బాడుగకు ఇచ్చే లాండ్రీలు కొన్ని ఉంటాయి. ఫొటోకు, పెండ్లిచూపులకు, స్నేహితుడి పెళ్లికి అలా వెళ్లి వచ్చినవాళ్లు ఎందరో. బట్ట మాసిపోకుండా తెచ్చిస్తే చాలు, సొంతదారుకు తెలియదు. సొంతదారు చెల్లెలు దాన్ని భుజాన కప్పుకుంటుందని మాత్రం ఏ లాండ్రీవాడు ఊహిస్తాడు? అద్దం ముందు రంగులు చూసుకున్నాడు, గళ్లు చూసుకున్నాడు, కాలరు పరుచుకున్నాడు. లోపల ఏముందో ఒక్కసారి తిప్పి చూసుకోలేదు మన తులసీరాం.

"ఆ గళ్ల చొక్కా?"

అతను విప్పిన గుండీలు పెట్టుకోబోయాడు.

"అదీ బాడుగేనా? తీసెయ్! తీసెయ్ అంటా ఉండానే!"

గుండు గీయించుకుని వస్తున్న యాత్రికుల కుటుంబం ఒకటి ఆగి చూసింది. వనజాక్షి లెక్కచేయలేదు. బళ్లో గోల చేసే పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు ఆమెది. తులసీరాం గళ్ల చొక్కా విప్పాడు. మిగిలింది లోపలి తెల్లచొక్కా. సన్న నీలం గీత, మెత్తటి నూలు.

"అదెవరిది?"

"ఇది నాదే. ఒట్టు. మా నాయన నేసిన గుడ్డ."

"మీ నాయన మగ్గం మీద కూసోని నేసిన గుడ్డ లోపల దాచిపెట్టి, ఎవరో విడిచిన గుడ్డ పైన వేసుకోని వచ్చినావా? ఎరువుల సొమ్ము బరువుల చేటు అని పెద్దోళ్లు ఊరికే అన్న్యారా? నాకు ఈ చొక్కా సాలదా? నేనేమన్నా అడిగినానా నిన్ను, జర్కిన్ వేసుకోని రమ్మని?"

"నీ ఎదురుగ్గా బాగుండల్లనే గదా వనజా..."

"నీ గుడ్డల్లో నువ్వే నిలబడలేని వాడివి, రేపు మా అన్న ముందర ఏం నిలబడతావు? చెప్పు. రేపు వస్తావా మా ఇంటికి? అదొక్కటి అడిగేదానికే వచ్చినా నేను. వస్తావా, రావా?"

"రేపే అంటే... మా నాయనకు ఒక మాట చెప్పి..."

"వాళ్లు వచ్చేది రేపే! మీ నాయనకు చెప్పేలోపల తాంబూలాలు మార్చుకుంటారు!"

కోపం తలకెక్కింది. ఈ మనిషి కోసమా నేను తల్లికి అబద్ధం చెప్పింది? ఈ మనిషి కోసమా రెండు వారాలుగా అన్నం సయించక, వదిన ఒళ్లో తలపెట్టి ఏడ్చింది? జర్కిన్‌ను అతని మీదికి విసిరికొట్టి, గిరుక్కున తిరిగి నాలుగడుగులు వేసింది.

"వనజా" అన్నాడు తులసీరాం వెనక నుంచి. ఈసారి అతని గొంతులో బెదురు లేదు, ఏదో సందేహం ఉంది. "మీ అన్న మద్రాసు పోయినాడంటివే?"

"పోయినాడు. అయితే?"

"ఈ జర్కిన్ ఈడికెట్ల వచ్చింది మరి?"

వనజాక్షి నిలబడిపోయింది.

సోమవారం పొద్దున అన్న ఆ జర్కిన్ వేసుకునే బయలుదేరాడు. భుజాల మీద దుమ్ము దులిపి, చేతికిచ్చింది తానే. "మద్రాసులో చలెక్కడిది అన్నా?" అని అడిగితే, "లారీలో తెల్లవార్లూ గాలి కొడతాది, నీకేం తెలుసు?" అని కసిరాడు కూడా. శుక్రవారం పొద్దున గానీ రాడు. నెలకొకసారి ఇలాగే వారం రోజులు మద్రాసులో బెల్లం బేరాలు.

"నిన్న సాయంత్రం ఇచ్చినాడు చిన్నబ్బ. ఉతికి ఆరిందే" అన్నాడు తులసీరాం.

వనజాక్షి వెనక్కి వచ్చి అతని చేతిలోంచి జర్కిన్ లాక్కుంది. "నడువు. ఆ లాండ్రీ సూపించు."

దిగే బస్సులో ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో, అతను వెనక. మలుపు మలుపుకూ బస్సు ఒకవైపు ఒరుగుతుంటే ఆమె కోపమూ అటూ ఇటూ ఒరిగింది. కాసేపు తులసీరాం మీద, కాసేపు అన్న మీద. దొంగిలించారేమో, లారీలో పోగొట్టుకున్నాడేమో అని మనసు సర్దిచెప్పాలని చూసింది. కానీ పరాయి మగాడితో గ్రంథాలయం మెట్ల మీద నిలబడి మాట్లాడిందని తన చెంప పగలగొట్టిన అన్న, ఒంటి మీది జర్కిన్ పోగొట్టుకునేంత ఏమరుపాటు మనిషా?

చిన్నబ్బ లాండ్రీ గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఉంది. చిన్నబ్బ ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు విసురుతూ, తులసీరాంను ఒంటి చొక్కాతో, పక్కన నిప్పులు కక్కే ఆడపిల్లతో చూసి సంగతి చెడిందని గ్రహించాడు.

"అమ్మా, తప్పయిపోయింది. ఇంకెప్పుడూ ఇయ్యను" అన్నాడు అడక్కముందే.

"తప్పు సంగతి తర్వాత. ఈ జర్కిన్ నీకెవరిచ్చినారు?"

"ఎవరో ఏముందమ్మా, కొర్లగుంట ఆయమ్మ. మంగళవారం పంపించె. బెల్లం మండీ ఆయప్ప ఊరికి వచ్చినప్పుడల్లా ఆయమ్మే పంపిస్తాది గదా. మీకు కావలసినోళ్లా?"

"ఆయమ్మంటే ఎవరు?"

చిన్నబ్బ ఆమె ముఖం చూసి తడబడ్డాడు. "ఎవరంటే... ఆయప్ప పెండ్లామే గదమ్మా. జ్ఞానాంబమ్మ."

వనజాక్షి కళ్ల ముందు చిత్తూరు ఇంటి వంటగది కదిలింది. పొయ్యి ముందు కూర్చుని, మద్రాసు నుంచి వచ్చే మొగుడికి ఇష్టమని వేరుశనగ ఉండలు చేసి డబ్బాలో పెట్టే పంకజాక్షి వదిన. గుడి గుడికీ మొక్కి, ఉపవాసాలుండి, ఎముకలు తేలిన వదిన. ఛీ, వీడా నా అన్న! వీడి మాటకా నేను తలవంచింది! ఒళ్లంతా భగ్గుమంది. ఇల్లెక్కడో కనుక్కుని, గళ్ల చొక్కా చిన్నబ్బ బల్ల మీద పడేయించి, జర్కిన్ మాత్రం చంకన పెట్టుకుని నడిచింది. తులసీరాం వెనకాలే పరుగులాంటి నడకతో వచ్చాడు.

"వనజా, ఒక్క నిమిషం నిలువు. కోపంలో పోవద్దు."

"కోపంలో కాక శాంతంగా పోవల్లనా? నువ్వు రాకపోతే మానుకో. ఈడనే నిలబడు."

అతను వెంట వచ్చాడు.

కొర్లగుంటలో పెంకుటిల్లు. ఇనుప గేటు, లోపల చిన్న వాకిలి, వాకిట్లో పొద్దుటి ముగ్గు. తులసీరాం గేటు బయటే ఆగాడు. వనజాక్షి తోసుకుని వెళ్లి తలుపు కొట్టింది.

తలుపు తీసింది ఆమెకంటే నాలుగైదేళ్లు పెద్ద పిల్ల. నిండు చూలాలు. మెడలో పసుపుతాడు. చేతులకు పిండి. వనజాక్షిని చూసి ముందు తెల్లబోయి, మరుక్షణం ముఖమంతా నవ్వయింది.

"వనజవు గదా నువ్వు! ఫొటోలో సూసినా. దానికంటే చిక్కిపోయినావే. రా పాపా, లోపలికి రా. నువ్వొస్తావని అత్త చెప్పనే లేదే!"

"ఏ అత్త?"

"ఏ అత్తేంది? మీ అమ్మే. పోయిన నెల వచ్చి నాలుగు దినాలు నా దగ్గరే ఉండి పాయె గదా."

పోయిన నెల అమ్మ గూడూరు వెళ్లింది. పిన్నమ్మకు ఒంట్లో బాగలేదని. వనజాక్షే బస్సెక్కించింది, దారిలో తినమని పెరుగన్నం కట్టిచ్చింది. అమ్మకు తెలుసు. అన్నీ తెలిసే, పంకజాక్షి వదిన చేతి వంట తింటూ, "మీ అన్న ఏం చేసినా మన మంచికేనే" అని చెబుతూ వచ్చింది. అన్న మీద వచ్చినదానికి రెండింతల కోపం ఆ తల్లి మీద వచ్చింది. ఈ అమ్మాయి మీద కూడా తెచ్చుకోవాలని చూసింది గానీ, పిండి చేతులతో నవ్వుతున్న ఆ ముఖం చూస్తే రాలేదు.

జ్ఞానాంబ మాట్లాడుతూనే ఉంది. "రేపు మీ ఇంటికి నేనూ రావల్లనుకున్నా. పెద్దామెకు, అదే మీ వదినకు, ఇంకా తెలీదు, ఈ పెండ్లి కానీ, ఆ తర్వాత చెప్పుకుందామని మీ అన్న ఆపేసినాడు. మా తమ్ముడు పిల్లను సూసేదానికి పోతా ఉంటే అక్కను నేను లేకపోతే ఎట్ల, నువ్వే చెప్పు!"

"మీ తమ్ముడా?"

"రేపు నిన్ను సూసేదానికి వచ్చే వరదయ్య నా తమ్ముడే గదా! నీకు చెప్పలేదా?" జ్ఞానాంబ కళ్లలో మొదటిసారి అనుమానం కదిలింది. "కుండమార్పిడి గదా పాపా మనది. రెండో పెండ్లోడికి పిల్లనియ్యను పొమ్మన్న్యాడు మా నాయన. అప్పుడు మీ అన్న స్వామి మీద ఒట్టేసినాడు, నీ పిల్లను నాకియ్యి, మా చెల్లెల్ని మీవాడికి ఇస్తా అని. ఆ మాట మీదనే గదా మా నాయన నన్ను పంపించింది. అంతకు ముందరే మీ అమ్మ గూడా పూతలపట్టు వచ్చి, మా పసుపు కుంకాలు తీసుకోని పాయె."

వనజాక్షి గుమ్మం పట్టుకుంది. ఇన్నాళ్లూ అన్నది అహంకారం అనుకుంది, పట్టుదల అనుకుంది, తండ్రి లేని పిల్ల మీద పెత్తనం అనుకుంది. అది బేరం! అన్న ఒక ఆడదాన్ని తెచ్చుకున్నాడు, దానికి బదులు చెల్లెల్ని తూచి ఇస్తానన్నాడు. బెల్లం మండీలో ఒక బస్తాకు ఒక బస్తా మార్చినట్టు. తల్లి పక్కన నిలబడి పసుపు కుంకుమ పుచ్చుకుంది.

"ఎవురు జ్ఞానా?" లోపలి నుంచి గొంతు వచ్చింది. ఆ గొంతు వనజాక్షికి తెలియనిదా!

సుబ్రమణ్యం లుంగీ మీద, ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. చెల్లెల్ని చూశాడు. ఆమె చంకలో జర్కిన్ చూశాడు. ముఖం రంగు మారింది. అంతలోనే అతని చూపు ఆమె తల మీదుగా గేటు దాకా పోయి, అక్కడ ఒంటి చొక్కాతో నిలబడిన మనిషి మీద ఆగింది. అంతే, పోయిన రంగంతా తిరిగొచ్చింది.

"వాడెవడే?" అని గర్జించాడు. "వాడెవడు? ఎవడితో తిరగతా ఉండావు నువ్వు?"

ఇంత చేసి, ఈ గుమ్మంలో నిలబడి, వీడు అడిగిన మొదటి మాట ఇది!

"నన్నా అడగతా ఉండావు?" వనజాక్షి గొంతు వీధంతా వినిపించింది. "ముందర నువ్వు చెప్పు, ఈమె ఎవరో! ఆడ మా వదినకు ఏమని చెప్పల్లనో చెప్పు! రేపు నాకు పెండ్లిచూపులు లేవు. ఆ పూతలపట్టు వాళ్లకు నువ్వే చెప్పుకుంటావో, మీ అమ్మతో చెప్పించుకుంటావో, మీ ఇష్టం! నేను ఎవరి బేరానికీ బస్తాను కాను!"

"నోరు ముయ్!"

జ్ఞానాంబ "వద్దు, వద్దు" అంటూ అడ్డం వచ్చింది. సుబ్రమణ్యం ఎడమచేత్తో ఆమెను పక్కకు తోసి, మెట్టు దిగి, చెయ్యెత్తాడు. వనజాక్షి కళ్లు మూసుకోలేదు, వెనక్కి జరగలేదు.

వెనకాల గేటు గడియ చప్పుడైంది. తులసీరాం లోపలికి వస్తున్నాడో, వీధి పట్టి వెళ్లిపోతున్నాడో తిరిగి చూసే వ్యవధి ఆమెకు లేకపోయింది.